లారీల జాతరలో మొదటి బుక్క

పోయిన నెల బైపాస్ రోడ్డు మీది పెట్రోల్ బంకులో నా స్కూటర్ ముందు ఒక లారీ లాంటిది నిలబడి ఉంది. లారీ లాంటిదే గాని లారీ కాదు. దాని పక్కల నిండా బర్గర్ల బొమ్మలు, మంటలు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక కోడిపుంజు. తనను తానే వండుకొని తినబోతున్నంత సంబరంగా ఉంది ఆ పుంజు. డీజిల్ పోయించుకుంటున్న యువకుడు నన్ను కాసేపు తేరిపార చూసి దగ్గరికి వచ్చాడు.

“అన్నా, మీరు ఎనిమిదో ముక్క అమ్మ మనుషులే గదా?”

నేను కరీంనగర్‌లోనే పుట్టి పెరిగాను. కరెంటు ఆఫీసులో గుమాస్తాను. ఊళ్లో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు గాని, వాళ్లంతా గుర్తుపట్టగానే “సార్, మా గల్లీల కరెంటు ఎప్పుడొస్తది?” అని అడుగుతారు. నేనొక్కణ్నే ఉన్నప్పుడు ఒక ముక్క వల్ల నాకు గుర్తింపు రావడం అదే మొదటిసారి.

“అవును తమ్మీ.”

“అమ్మ మంచిగున్నదా? ఈసారి గుడ తోలుకొస్తున్నరు గదా?”

పోయిన చలికాలంలో పోయిందని చెప్పాను. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. డీజిల్ నిండేదాకా అట్లనే నిలబడి, ఎక్కబోతూ అన్నాడు: “నా చేతి వంట నాకు తినిపిచ్చిన గిరాకీ ఆమె ఒక్కతే అన్నా.”

ఆ బండి వెళ్లిపోయింది. నేను కూడా వెళ్లిపోయాను, పెట్రోల్ పోయించుకోవడం మరిచిపోయి. కొంత దూరం పోయాక స్కూటర్ నాకు ఆ సంగతి గుర్తు చేసింది. బండిని తోసుకుంటూ పోయే మనిషికి తలుచుకోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది. ఇల్లు చేరేదాకా అత్తమ్మను తలుచుకున్నాను.

ఆమె మా బాపుకు అక్క, నాకు మేనత్త. నాకు తెలివి వచ్చేసరికే కుట్టుమిషనుతో సహా మా ఇంట్లో ఉన్నది. నాకు మేనత్త కాబట్టి అత్తమ్మ అన్నాను. వరసలు సరిగ్గా చూస్తే నా భార్య ఆమెను పెద్దమ్మ అనాలి, నా కొడుకూ కూతురూ అమ్మమ్మ అనాలి. కాని ఆ ఇంట్లో వరసలకన్నా అలవాటు బలమైంది. అందరికీ అత్తమ్మే అయింది, మిషను బాగుచేయడానికి వచ్చే మనిషితో సహా. బాపు ఒక్కడే అక్కా అనేవాడు.

జాకెట్లు కుట్టేది. కుట్టేటప్పుడు పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకొని మాట్లాడేది. ఆమె మాటలు గుచ్చుకోవడానికి కారణం అదేనని బాపు అనేవాడు, ఆమెకు వినపడనంత మెల్లగా. మా ఇంట్లో నోరున్న మనిషి ఆమె ఒక్కతే. మాకూ నోళ్లు ఉన్నాయిగాని అవి తినడానికి మాత్రమే. బజార్లో బేరం ఆమె చేసేది, ఇంటి ఓనర్‌తో ఆమె మాట్లాడేది, నా పెళ్లిచూపుల్లో నా తరఫున ఆమే సమాధానాలు చెప్పింది. ఇంటి బడ్జెట్ ఏటా ఆమే ప్రవేశపెట్టేది. ప్రతిపక్షం లేదు గనుక చర్చ లేకుండా ఆమోదం పొందేది.

ఏ వస్తువునైనా ముందు వాసన చూసేది. కొత్త బట్ట, అప్పుడే కోసిన దోసకాయ, కడిగిన గిన్నె, స్నానం చేయించిన పిల్లవాడి నెత్తి. మా అమ్మాయి పుట్టినప్పుడు చేతుల్లోకి తీసుకొని వాసన చూసి, “మంచిగున్నది, ఉంచుకుందాం” అన్నది.

కొన్నేళ్ల కింద మా ఊళ్లో స్టేడియం పక్క మైదానంలో ఫుడ్ ట్రక్ ఫెస్టివల్ మొదలైంది. ఎండలు ముదరకముందు ఒక శని, ఆదివారాలు పెడతారు. హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో బండ్లు వస్తాయి. మొదటి ఏడు పిల్లలిద్దరూ బడి నుంచి ఆ కబురు మోసుకొచ్చారు. నేను నా జీతాన్నీ మా ఇంట్లోని తలలనూ పక్కపక్కన నిలబెట్టి చూసుకొని, “వచ్చే ఏడు పోదాం తియ్యుండ్రి” అన్నాను.

అత్తమ్మ మిషను ఆపింది. “వచ్చే ఏటికి జీతం పెరుగుతదా, తలలు తగ్గుతయా?”

నేను రెండింటికీ హామీ ఇవ్వలేకపోయాను.

“ఏముంటదట అక్కడ?”

“లారీలల్ల వండుతరు అత్తమ్మా. రకరకాలయి. బర్గర్లు, మోమోలు” అన్నాడు మా వాడు.

“లారీల జాతరన్నట్టు. పోదాం. అయితే నేను చెప్పినట్టు తినాలె.”

ఆమె చెప్పినట్టు తినడం ఎట్లాగో ఆ ఆదివారం తెలిసింది. ముందు ఇంట్లోనే అందరికీ పచ్చిపులుసుతో అన్నం, మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, బియ్యప్పిండితో కాల్చిన సర్వప్ప కడుపునిండా పెట్టింది. పండుగ విందుకు బయల్దేరినవాళ్లం త్రేన్పులతో ఆటో ఎక్కాము. మైదానానికి పోయాక వెంటనే ఏదీ కొననివ్వలేదు. మొదటి బండి నుంచి చివరి బండి దాకా అందరినీ వరసగా ఒక చుట్టు తిప్పింది. ప్రతి బండి ముందూ నిలబెట్టి, “పీల్చుండ్రి” అనేది. మేము పీల్చేవాళ్లం. “ముక్కుకు టికెట్ లేదు. మొదలు ముక్కుతోటి తినుండ్రి.” ఆస్పత్రిలో డాక్టర్ పక్కన నిలబడి చెప్పినట్టే చెప్పేది. మా కుటుంబం మొత్తం ఒక బండి ముందు నిలబడి ఊపిరి గట్టిగా లోపలికి తీసుకొని, ఏమీ కొనకుండా పక్క బండికి పోవడం జనం చూశారు. నాకు తెలిసినవాళ్లెవరూ రాకూడదని మొక్కుకున్నాను. ముగ్గురు కనిపించారు. ముగ్గురూ కరెంటు సంగతే అడిగారు.

చుట్టు అయిపోయాక పంచాయితీ. ఏ వాసన ఎవరికి నచ్చిందో చెప్పాలి. ఎక్కువమందికి నచ్చిన మూడు నాలుగు ఎంచి, ఒక్కో దాంట్లో ఒకే ఒక్క ప్లేటు కొనాలి. అదీ ఆమె బడ్జెట్.

“ఒక్క ప్లేట్ల ఎంత వస్తది అత్తమ్మా? ఒక్క బుక్క గుడ కాదు” అన్నది నా కూతురు.

“ఒక్క బుక్కనే కావాలె బిడ్డా. మొదటి బుక్క నోటికి. తర్వాతయన్ని కడుపుకు. కడుపు ఇంటికాడనే నింపుకొని వచ్చినం గదా.”

మొదట బర్గర్. నల్లకళ్లద్దాల కోడిపుంజు బండి అప్పుడే చూశాము. బర్గర్ కాగితపు ప్లేటులో వచ్చింది. అత్తమ్మ దాన్ని వాసన చూసి, బండిలోని యువకుణ్ని పిలిచింది.

“తమ్మీ, దీన్ని ఏడు ముక్కలు చేసిస్తవా?”

“అమ్మా, గిది బర్గర్. గట్ల కోస్తే లోపలిదంత బయటికొస్తది. కావాల్నంటే నడిమిట్ల కోసిస్త.”

“నడిమిట్ల కోస్తే ఇద్దరు తింటరు. మిగిలినోళ్లం నీ బండి మీది కోడిని సూసుకుంట నిలబడాల్నా?”

వెనక వరసలో నవ్వులు. ఆకాశంలో ఏదో ముఖ్యమైన సంగతి జరుగుతున్నట్టు నేను పైకి చూశాను.

అత్తమ్మ చేతిసంచిలోంచి చిన్న దారపు ఉండ తీసింది. ఉడకబెట్టిన గుడ్డును దారంతో కోయడం మా ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. దారంతో బర్గర్ కోయవచ్చని ఆ రోజుదాకా ప్రపంచానికి తెలియదు. “ఇది బట్టలు కుట్టేది కాదు, తిండి దారం, వేరే పెట్టిన” అని మా ఆవిడకు ముందే చెప్పింది, అనుమానం రాకుండా. దారాన్ని బర్గర్ కిందినుంచి పోనిచ్చి, రెండు కొసలూ పైకి తెచ్చి, ఒకదానిమీదొకటి దాటించి మెల్లగా లాగింది. రొట్టె నలగలేదు, లోపలిది బయటికి రాలేదు. ముందు సగానికి, తర్వాత అడ్డంగా, తర్వాత ఐమూలలకు. వరసలో ఉన్నవాళ్లు తమ వంతు మరిచిపోయి చూశారు.

ఎనిమిది ముక్కలయ్యాయి. మేము ఏడుగురం. ఎనిమిదోది తనదే అన్నాడు మా వాడు.

“ఎనిమిదోది వండినోనిది” అని అత్తమ్మ మునివేళ్ల మీద లేచి, ఆ ముక్కను బండి కిటికీలోకి అందించింది. “తిను తమ్మీ.”

“వద్దమ్మా. పొద్దంత ఇదే వాసన నాకు.”

“వాసన సూసుడు వేరు, తినుడు వేరు. ఇయ్యాల చేసింది ఇయ్యాల తిన్నవా?”

“తినలే.”

“మరి మంచిగున్నదో లేదో నీకెట్ల ఎర్క?”

అతను తిన్నాడు. నములుతూనే లోపలున్న దోస్తు వైపు తిరిగి, “అరే, సాస్ జర తగ్గియ్యాలె” అన్నాడు.

తిన్న తర్వాత మమ్మల్ని వదిలేది కాదు. ఒక్కొక్కరినీ అడిగేది: “ఎట్లున్నది?” మంచిగున్నది అంటే ఒప్పుకునేది కాదు. “మంచిగ మనుషులుంటరు. పులుపా, తీపా, గట్టిదా, మెత్తదా, నాలుకె మీద ఎంతసేపుంది, అది చెప్పుండ్రి.” మా ఆవిడ చక్కగా చెప్పేది. పిల్లలు పోటీపడి చెప్పేవాళ్లు. నేను ఉపమానాలు వెతికి చెప్పబోతే, “నువ్వు తిన్నది చెప్పు, సదివింది చెప్పకు” అనేది. మా అవ్వకు తన వంట తప్ప వేరే వంటలో ఉప్పు ఎప్పుడూ తక్కువే. బాపుది మాత్రం ఎప్పుడూ ఒకే మాట: “తిన్న.” తిండి గురించి ఆయన అంతకుమించి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఉప్పు వేయడం మరిచిపోయినా తింటాడని, రెండుసార్లు వేసినా తింటాడని, ఈ మనిషికి వండి తన చెయ్యి పాడైందని అవ్వ పెళ్లైనప్పటి నుంచీ వాపోతూనే ఉంది. అత్తమ్మ కూడా తమ్ముణ్ని వదిలేసేది. “వానికి చిన్నప్పటిసంది గంతే. నోట్లె ఏసుకుంటడు, లోపలికి పంపిస్తడు. పోస్టాఫీసు నోరు.”

ఆ తర్వాత ఏటేటా పోయాము. రెండో ఏటికే బండ్లవాళ్లు కొందరు గుర్తుపట్టారు. “ఎనిమిదో ముక్క అమ్మ వచ్చింది” అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. గొడవలు పడేవాళ్లను అందరూ గుర్తుపెట్టుకుంటారు గాని, తినమని బతిమాలే గిరాకీని గుర్తుపెట్టుకోవడం నేను అక్కడే చూశాను.

రెండేళ్ల కింద ఆమె నోట్లో, దవడ లోపలివైపు ఒక పుండు లేచింది. సూదులు పెదవుల్లో పెట్టుకుంటే గుచ్చుకొని ఉంటుందని అనుకున్నాము. అది మానలేదు. హైదరాబాదు తీసుకుపోయాము. చెడ్డ జబ్బే అన్నారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టుడు అంటారు. “ఇంట్ల కరెంటు ఆఫీసోన్ని పెట్టుకొని, కరెంటు కోసం గింతదూరం రావాల్నా?” అని ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చొని అడిగింది. నవ్వించడానికే అడిగిందని తెలిసినా నాకు నవ్వు రాలేదు.

కరెంటు పెట్టడం అయిపోయేసరికి ఆమెకు నోరు పోయింది. మాట ఉంది, రుచి లేదు. కారం సరే, చిటికెడు ఉప్పు తగిలినా మంట. చల్లార్చిన జావ, పాలు, మెత్తగా మెదిపిన అరటిపండు. అదే తిండి. ఏది తాగినా ఒకటేనని, తెల్ల కాగితం నమిలినట్టు ఉంటుందని ఒకసారి చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత మా ఇల్లు మారిపోయింది. ఎవరూ అనుకొని చేయలేదు. మా ఆవిడ పోపు పెట్టడం మానేసింది, ఆ వాసన అత్తమ్మకు తగలకూడదని. అవ్వ సర్వప్ప చేయడం మానేసింది. కూరలు ఆస్పత్రి కూరల్లా తయారయ్యాయి. మేము అత్తమ్మ కళ్లబడకుండా, ఆమె పడుకున్నప్పుడు గబగబా తినేసి పళ్లాలు కడిగి పెట్టేవాళ్లం. పిల్లలు చిప్స్ పొట్లం వెనక గదిలో, చప్పుడు కాకుండా విప్పడం నేర్చుకున్నారు. అత్తమ్మ మంచం మీదనుంచి, “ఇంట్ల ఎలుకలు పడ్డట్టున్నయి” అనేది. మేము ఎలుకల గురించి కాసేపు మాట్లాడుకునేవాళ్లం.

అట్లా ఉండగా మళ్లీ ఎండలు మొదలయ్యాయి. చౌరస్తాలో జాతర ఫ్లెక్సీ కట్టారు. ఈ సంగతి ఇంట్లో ఎత్తకూడదని ఒకరికొకరం కళ్లతోనే చెప్పుకున్నాము. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయే ఆటోను కూడా చుట్టు తిప్పి, ఆ చౌరస్తా తగలకుండా పోనిచ్చాను. జబ్బు సంగతి తెలియక జాకెట్ కొలతలకు వచ్చిన ఎవరో ఆమెకు చెప్పారు. ఆ సాయంత్రం అందరినీ మంచం దగ్గరికి పిలిచింది.

“రేపు లారీల జాతరట గదా. ఎవలు చెప్పలే నాకు.”

బాపు నేల చూశాడు. “ఈసారి వద్దక్కా.”

“ఎందుకు? లారీలు అలిగినయా?”

“నీకు నోరు గట్లున్నది. మేం పోయి ఎట్ల తింటం?”

“నా నోరు పోయింది సరే. మీ నోళ్లేమైనయి రా?”

మా ఆవిడ దుప్పటి సర్దబోతే అత్తమ్మ ఆ చెయ్యి పక్కకు నెట్టింది.

“ఇంట్ల పోపు వాసన రాక ఎన్నాళ్లయింది? తినేటోళ్ల సప్పుడు లేదు. నేను బతికుండంగనే సావింటి కూడు తింటున్నరు మీరు. నాకు జబ్బొచ్చింది సరే, ఇల్లుకెందుకొచ్చింది? రేపు అందరం పోతున్నం. నేను కుర్చీల కూసుంట. మీరు తినుండ్రి, ఎట్లున్నదో నాకు చెప్పుండ్రి. నాకు మిగిలింది గంతే. అది గుడ గుంజుకోకుండ్రి.”

పోయాము. ఇంట్లో అన్నం తిని, ఆటోలో. ఆమె చీర చుట్టూ శాలువా కప్పుకొని మధ్యలో కూర్చుంది. మైదానంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చాను. చుట్టు మాత్రం తిరగలేకపోయింది. “మీరు తిరిగి రాండ్రి” అంది. తిరిగివచ్చి చెప్పాము. ఆమే ఎంచింది. కోడిపుంజు బండి నుంచి బర్గర్ వచ్చింది. ఆ యువకుడే కిందికి దిగి తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. దారంతో తనే కోసింది. ముక్కలు ఒక్కోటి ఒక్కో తీరుగా వచ్చాయి. ఎనిమిదో ముక్క అతనికిచ్చింది. తన ముక్కను మా వాడికిచ్చి, మా ఆవిడ వైపు తిరిగింది.

“ఎట్లున్నది?”

మా ఆవిడ నమలడం ఆపింది. “ఏం లేదత్తమ్మా. ఉట్టి పిండి ముద్ద.”

“నీకు?”

“సప్పగున్నది” అన్నాడు మా వాడు, మూతికి అంటిన సాస్ తుడుచుకుంటూ.

నన్ను అడిగింది. “అట్ట నమిలినట్టున్నది” అన్నాను.

పాపం ఆ యువకుడు ముఖం చిన్నబుచ్చుకొని బండెక్కాడు. మోమోలు తెచ్చాను. అవ్వ వాటిని ఉడకని పిండి అన్నది. మా అమ్మాయి, “ఏం రుచి లేదు అత్తమ్మా, అందరికి ఊకెనే ఇష్టం గని” అన్నది. ఒకరితో ఒకరం అనుకోలేదు. కాని అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. బాగుందంటే ఆమెకు బాధ. ఏమీ లేదంటే, ఆమె పోగొట్టుకున్నది కూడా ఏమీ లేనట్టే అవుతుంది. మేము బహు తెలివిగా ఆమె కోసం ఆ మైదానంలో ఉన్న వంటలన్నింటినీ చెడగొట్టుకుంటూ పోయాము. ఆ వేళ చెప్పినన్ని అబద్ధాలు నేను ఆఫీసులో కూడా చెప్పలేదు.

మూడో ప్లేటుకు ఆమె దారం తీయలేదు.

“పోదాం పాండ్రి” అన్నది.

“అప్పుడేనా అత్తమ్మా? నీకు నొప్పి లేస్తుందా?” మా ఆవిడ వంగింది.

“నొప్పి లేదు. ఇన్ని లారీలున్నయి. ఒక్కటి గుడ మంచిగ లేదా? గీ జనమంత పిచ్చోళ్లా?” ఆమె గొంతు పెంచలేదు. “నాకు రుచి తెలుస్తలేదు. అది నాకెర్కనే. మీరు గుడ తెలువనట్టు చేస్తే నేనెవల్ని అడగాలె?”

పక్క బండి దగ్గర పాటలు మోగుతున్నాయి. మా ఆవిడ ముఖం తిప్పుకుంది. నేను చేతిలోని ప్లేటు చూశాను. అందులో జొన్నరొట్టె, పక్కన పచ్చగా నూరిన కారం. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక చిన్న బండిది. భార్య రొట్టెలు కొడుతోంది, భర్త గిరాకీ చూస్తున్నాడు. ఆ కారాన్ని వాళ్లు మరాఠీలో ఠేచా అంటారట.

బాపు నా చేతిలోంచి ప్లేటు తీసుకున్నాడు. అక్క కుర్చీ ముందు నేలమీద మఠం వేసుకొని కూర్చున్నాడు. ఆ వయసులో ఆయన నేలమీద కూర్చుంటే లేపడానికి ఇద్దరం కావాలి. రొట్టె తుంచి, కారంలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. పోస్టాఫీసు మూతపడింది. నమిలాడు. చాలాసేపు నమిలాడు.

“అక్కా, మంచిగున్నది.”

అత్తమ్మ కదలలేదు. “మంచిగ మనుషులుంటరు.”

“రొట్టె అంచు కరకరమంటుంది. నడుమ మెత్తగున్నది. సేతితోటి కొట్టిందే, మిషను మీదిది కాదు. జర మాడింది, ఆ వాసన వస్తుంది.”

“కారం?”

“మొదలు ఏమనిపియ్యలే. ఇప్పుడు ఎక్కుతుంది. చెవులల్లకు పోతుంది. పచ్చిమిరపకాయలు కాల్చి నూరిన్రు. ఎల్లిపాయలు గుడ కాల్చినయే. పల్లీలు ఏసిన్రు, బరకగ, పండ్లకు తాకుతున్నయి.”

మా అవ్వ నోరు తెరుచుకొని చూస్తోంది. యాభై ఏళ్ల కాపురంలో వినని మాటలు ఒక్క రొట్టె ముక్కకు విన్నది.

“ఉప్పు?” అడిగింది అత్తమ్మ. కళ్లు మూసుకొని ఉంది.

“జర తక్కువ.”

“నిమ్మకాయ పిండిన్రా?”

“లేదక్కా.”

“పిండుమను. నిమ్మకాయ పడితే ఉప్పు అదే లేస్తది.”

బండిలోని ఆమె వింటున్నట్టుంది. “లింబు తెస్త ఆయీ” అని, కోసిన నిమ్మచెక్క పట్టుకొని తనే దిగి వచ్చింది. బాపు పిండుకొని మళ్లీ తిన్నాడు. ఆయన కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. కారం వల్లో కాదో నేను అడగలేదు.

“లేసిందా?”

“లేసిందక్కా. ఇప్పుడు మనల కన్న అవ్వ చేసినట్టున్నది. కాదు, అవ్వ గింత మెత్తగ నూరకపోయేది. అవ్వది మోటుగుండేది. ఇది అవ్వ దానికన్న జర మంచిగున్నది. నిజం చెప్పమన్నవని చెప్తున్న.”

అత్తమ్మ పెదవులు కదిలించింది, నమిలినట్టు. “నా ముక్క గుడ నువ్వే తిను” అన్నది తమ్ముడితో. తర్వాత కళ్లు తెరిచి మా అందరినీ చూసింది. నన్ను చూసి, “నువ్వు అట్టలు ఎప్పుడు తిన్నవ్ రా? నాకెన్నడు కనబడలే” అన్నది.

ఆ తర్వాత మా వాడు తను తిన్న బర్గర్ గురించి మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాడు. ఈసారి సాస్‌తో సహా. నేను వెళ్లి కోడిపుంజు బండి ముందు నిలబడి, “తమ్మీ, నీ బర్గర్ బ్రహ్మాండంగున్నది” అన్నాను. అతనికి సగం సంగతి అర్థమైనట్టుంది. “ఎరికే అన్నా, నేను తిన్న గదా” అన్నాడు.

మర్నాడు పొద్దున మా ఆవిడ పోపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి. అత్తమ్మ మంచాన్ని వంటింటి గుమ్మం పక్కకు జరిపించుకుంది. ఇంగువ వాసనకు దగ్గు వచ్చేది. “రానియ్యి” అనేది. అప్పటినుంచి మేము ఆమె ఎదురుగానే కూర్చొని తిన్నాము. ఎవరికి ఏది ఎట్లుందో తిట్టుకుంటూ, మెచ్చుకుంటూ, వినపడేటట్టు తిన్నాము. బాపు మళ్లీ మామూలుగానే “తిన్న” అనే మనిషి కాలేదు. అక్క మంచం పక్కన పీట వేసుకొని రోజూ కూర మీద నివేదిక ఇచ్చేవాడు. మా అవ్వ చేతికి ఇన్నేళ్ల తర్వాత పేరొచ్చింది. కొన్ని రోజులు చెడ్డపేరు కూడా వచ్చింది, అయినా సంతోషపడింది.

చలికాలం వచ్చేసరికి అత్తమ్మకు మాట కూడా తగ్గింది. ఆ వారం మా ఆవిడ వాళ్ల చెల్లెలి కాన్పుకు మంచిర్యాల పోయింది. అవ్వకు జ్వరం. వంట నామీద పడింది. ఆఫీసుకు సెలవు పెట్టి వంకాయ కూర చేశాను. పళ్లెంలో పెట్టుకొని ఒక బుక్క తిన్నాను. తిని, గుమ్మం దగ్గర అట్లనే నిలబడిపోయాను.

ఆమె చూసింది. పెదవులతో అడిగింది, ఏం కూర అని.

“వంకాయ అత్తమ్మా. నేనే వండిన.”

కళ్లు పెద్దవి చేసింది. ఎట్లున్నది అన్నట్టు చెయ్యి తిప్పింది.

“ఉప్పు ఎక్కువైంది. కింద మాడింది, పైన పచ్చిగున్నది. కాయ ఒక్కటి సేదుగున్నది, అది ఏదో దొరుకుతలేదు. చింతపండు ఏసుడు మర్చిపోయిన.”

ఆమె భుజాలు కదిలాయి. నొప్పేమోనని భయపడి దగ్గరికి పోయాను. నొప్పి కాదు, నవ్వుతోంది. నవ్వితే దవడ గుంజుకుంటుందని చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. ఆగి, మంచం అంచు మీద అరచేత్తో తట్టింది. కూర్చోమని. పళ్లెం వైపు చూపించింది. తినమని.

కూర్చున్నాను. ఆ కూర ఎంత పాడైందో, ఏ బుక్కకు ఎట్లా పాడైందో, చేదు వంకాయ చివరికి ఎక్కడ దొరికిందో చెబుతూ, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.